ముందు ఎదుటివాడి మాట

వాన మొదలవగానే ఆటో డ్రైవరు పక్కనున్న పట్టా దించుతాడు. ఎండాకాలమంతా చుట్టి కట్టి ఉంచిన పట్టా విప్పినప్పుడు బూజు వాసన, దాంతో కలిసి డీజిలు వాసన వస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి పట్టా అంచు మీదికి పోతుంది. పక్కన మా ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటాడు. వారానికి మూడుసార్లు తిరువూరు ఆసుపత్రికి డయాలసిస్‌కు వెళ్లి వచ్చే దారి మాకిది. దారిలో వాగు ఉంది. మొన్న కూడా పట్టా అంచు ఎత్తి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూశాను. "చూసింది చాల్లే, తడుస్తున్నావు" అన్నాడు కళ్లు తెరవకుండానే. నేను పట్టా వదల్లేదు. ఆ నీళ్లు చూస్తుంటే సత్యానందం గారు గుర్తొచ్చారు. వెంటనే కోపమూ వచ్చింది. కోపం లేకుండా ఆయన నాకు ఎప్పుడూ గుర్తురారు.

సత్యానందం గారు మొదట తిరువూరు కోర్టులో వకీలు. తరవాత రెండుసార్లు మా ఎమ్మెల్యే. రెండోసారి పదవిలో ఉండగానే రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీ వెళ్లారు. పోయిన ఏడాది కన్నుమూశారు. పేపర్లో ఫొటోతో వచ్చిన నాలుగు ముక్కల్లో ఇవన్నీ వరసగా ఉన్నాయి. మనిషి ఎలాంటివాడో మాత్రం లేదు. రాసినవాళ్లు నన్ను అడిగితే చెప్పేదాన్ని. ఆయన గుమ్మానికి నేను మోసినన్ని ఫిర్యాదులు మోసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకొకరు లేరని అందరికీ తెలుసు. అయినా అడగలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

మొదటిసారి ఆయన్ను చూసేనాటికి నాకు పెళ్లయి ఏడాది. తిరువూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. పదో తరగతి నా చేతిలో ఉండేది. కరస్పాండెంటు గారి కోడలు బి.ఇడి. పాసై రాగానే ఆ తరగతి ఆమెకిచ్చి నన్ను మూడో తరగతికి పంపారు. చిన్నపిల్లలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ సంగతి నాతో ఒక్క ముక్క చెప్పకుండా టైంటేబులు గోడకు అంటించి చూసుకోమన్నారు. ఆ సాయంత్రమే కోర్టు పక్క సందులో ఉన్న సత్యానందం గారి గదికి వెళ్లాను. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నల్లకోటు కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడిచి వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నారు. నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"నీ సంగతి తరవాతమ్మా. ముందు ఎదుటివాడి మాట చెప్పు."

"ఎదుటివాడంటే ఎవరండి?"

"మీ కరస్పాండెంటు. ఆయన ఈ కుర్చీలో కూర్చుంటే ఏమంటాడో అది చెప్పు."

నాకు ఒళ్లు మండింది. "మీరు నా వకీలా, ఆయన వకీలా?" అన్నాను.

"ఆయన వకీలు రేపు ఎటూ మాట్లాడతాడు. ఆ మాటలు మొదటిసారి కోర్టులో వింటే అక్కడ ఏడుస్తావు. ఇక్కడ వింటే ఆ ఏడుపేదో ఇక్కడే అయిపోద్ది."

చెప్పక తప్పలేదు. కరస్పాండెంటు గారిలా మొదలుపెట్టి రెండు మాటలు చెప్పేసరికి "ఆమెకు బి.ఇడి. ఉంది, ఈమెకు లేదు" అన్న మాట నా నోటినుంచే వచ్చింది. అంతవరకు ఆ సంగతి నాకు నేను కూడా చెప్పుకోలేదు. సత్యానందం గారు ఇంకో కాయ వలుచుకుని, "ఇప్పుడు నీకు కావలసింది నోటీసా, బి.ఇడి.నా?" అని అడిగారు. ఆ ఏడాదే దూరవిద్యలో చేరాను. డిగ్రీ వచ్చాక పదో తరగతి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. అది ఆయన చలవే, కాదనను. కానీ అంతసేపు ఎదురుగా కూర్చున్న నాకు ఒక్క పల్లీ కూడా పెట్టలేదు. మనిషిని ముందు కూర్చోబెట్టుకుని ఒంటరిగా తినే అలవాటు ఆయనకు చివరిదాకా ఉంది.

ఎన్నికల్లో మొదటిసారి నిలబడి ఓడిపోయారు. రెండోసారి గెలిచారు. గెలిచాక ఈ పద్ధతి మానేస్తారనుకున్నాం. మానలేదు సరికదా, గదిలోంచి ఇంటి వరండాలోకి తెచ్చారు. పొద్దున్నే వరండాలో పొడుగాటి బెంచీ వేసేవారు. ఎ.కొండూరు నుంచి, రెడ్డిగూడెం నుంచి, మా పెనుగొలను వైపు నుంచి జనం వచ్చి కూర్చునేవాళ్లు. ఎంత పెద్దవాళ్లయినా, ఎంత కష్టంలో ఉన్నా ముందు ఎదుటివాడి మాట చెప్పాలి. అది చెప్పలేనివాళ్లను "బయట టీ తాగి ఆలోచించుకుని రా" అని పంపేవారు. ఒకసారి రెడ్డిగూడెం నుంచి ఇద్దరు అన్నదమ్ములు మామిడితోట గట్టు తగాదాతో వచ్చారు. అన్నను తమ్ముడి మాట చెప్పమన్నారు. అన్న గొంతు సవరించుకున్నాడు.

"మా అన్న ఉద్యోగానికి పోయాడు. ఎండలో తోట కాసింది నేను. గట్టు మీద రెండు చెట్లకీ బిందెలతో నీళ్లు మోసింది నేను. కాయ దిగేటప్పుడు వచ్చి చెట్లు నావంటాడు. అంటాడండి మావాడు."

తమ్ముడు ఆశ్చర్యపోయి, "అదే సార్. నాకన్నా వాడే బాగా చెప్పాడు" అన్నాడు.

వరండా అంతా నవ్వింది. అన్న నవ్వలేదు. "చెట్లు నువ్వే ఉంచుకోరా. ఈయన దగ్గరికి మాత్రం ఇంకోసారి తీసుకురాకు నన్ను" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ వరండాలో నాకో పేరు ఉండేది. సార్ దగ్గర పనిచేసే చంద్రం నన్ను గేటు దగ్గర చూడగానే లోపలికి కేకేసేవాడు. "సార్, ఫిర్యాదుల టీచరమ్మ గారు వచ్చారు." సార్ ఒక్కసారి కూడా వాణ్ని మందలించలేదు. పైగా మీసాల చాటున నవ్వేవారు. ఆ నవ్వు నేను చూశాను. నేను తీసుకెళ్లినవి సొంత గొడవలు కావు. బడి పిల్లలు ఎక్కే బస్సు ఊరి మలుపులో ఆగకపోవడం, మంచినీళ్ల కుళాయి దగ్గర మురుగు, రేషను తూకం. ఒక్కోటి నాలుగేసిసార్లు తిరిగితే గాని తెమిలేవి కావు. తిరగడం నాకు బరువు కాదు. తిరిగేవాళ్లకు పేరు పెట్టడమే బరువు.

మా ఊరి సంగతి చెప్పాలి. పెనుగొలను దాటి పొలాల్లోకి తిరిగితే వాగు అవతల ఉంటుంది. పేరు చెప్పినా మీకు తెలియదు. బస్సు బోర్డు మీదికి కూడా ఎక్కని ఊరు. వాగు మీద అప్పట్లో చప్టా ఒక్కటే ఉండేది. నేలకు ఆనుకున్న సిమెంటు దారి, మామూలు రోజుల్లో దాని మీదుగా ఎడ్లబండీ, ఆటో, అన్నీ పోతాయి. పైన గట్టి వాన పడితే చప్టా మునిగిపోతుంది. మా ఆయన బాబూరావు ఆ ఊళ్లోనే పిండిమర నడిపేవాడు. కారాలు ఆడించే రోజుల్లో ఊరంతా తుమ్ముతూ ఉంటే ఆయన ఒక్కడే తుమ్మకుండా కబుర్లు చెప్పేవాడు. ఒక వేసవిలో ఆయన పాదాలు వాచాయి. ఎండకనుకున్నాం. తరవాత ముఖం వాచింది. పరీక్షలు చేసి కిడ్నీలు రెండూ పోయాయన్నారు. మా వైపు ఆ జబ్బు పేరు కొత్త కాదు. అయినా మన ఇంట్లోకి వచ్చేదాకా అది పక్కవాళ్ల జబ్బే.

డయాలసిస్ మొదలయ్యాక నేను ఆకాశాన్ని చూసే చూపు మారిపోయింది. నల్లమబ్బు పడితే రైతులు సంతోషించేవాళ్లు. నేను క్యాలెండరు చూసుకునేదాన్ని. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, రెండోసారి తప్పితే ఊపిరి అందదు. ఆ భాద్రపదంలో రెండూ జరిగాయి. వాగు తగ్గుతుందని ఒకరోజు ఆగాం. తగ్గలేదు. మర్నాడు పొద్దున ఆయన పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి లాగుతుంటే ఊళ్లో కుర్రాళ్లు ట్రాక్టరు తెచ్చారు. దాని వెనక ట్రక్కులో గడ్డి పరిచి ఆయన్ను ఎక్కించారు. చప్టా ఎక్కడుందో కనపడటం లేదు. ఇద్దరు కుర్రాళ్లు గడకర్రలతో నీళ్లలో పొడుస్తూ ముందు నడిచారు. ట్రక్కు అడుగు నుంచి నీళ్లు లోపలికి వచ్చి గడ్డి తేలింది. ఆయన తల నా ఒళ్లో ఉంది. ఒకచోట ట్రక్కు పక్కకు జరిగినప్పుడు ఎవరూ అరవలేదు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మానేశారు. ఆ నిశ్శబ్దం నేను ఇంతవరకు మర్చిపోలేదు.

ఆసుపత్రిలో ఆయన్ను మిషను మీదికి ఎక్కించాక, మోకాళ్లదాకా తడిసిన చీరతోనే సత్యానందం గారి ఇంటికి వెళ్లాను. వరండాలో జనం నన్ను చూసి జరిగారు. చంద్రం కూడా కేక వేయలేదు. జరిగింది చెప్పి, "ఆ వాగు మీద వంతెన కావాలి సార్" అన్నాను. ఆయన నా చీర వంక చూశారు. లోపలికి పిలిచి కాఫీ ఇప్పించారు. కప్పు కింద పెట్టానో లేదో, నెమ్మదిగానే అడిగారు.

"ఎదుటివాడి మాట ఏంటమ్మా?"

ఆయన చేసిన అవమానాలన్నిట్లో ఇదే పెద్దది. బతికున్నప్పుడు ఆయనకూ ఈ మాట చెప్పాను. ఆ రోజు మాత్రం పళ్లు బిగించి చెప్పాను. "ఊరు చిన్నది. చుట్టుదారి ఉంది. చప్టా మునిగేది ఏడాదికి కొన్నాళ్లే. ఇంజనీరు ఇదే అంటాడు."

"బాగా చెప్పావు. చుట్టుదారి సంగతి ఏంటి మరి?"

"అదీ ఇంకో కాలవ దగ్గర మునుగుతుంది."

"అది ఇంజనీరుకు తెలుసా?"

తెలియదు. ఆ వారంలోనే, వాన పడుతుండగానే ఇంజనీరును వెంటబెట్టుకుని సార్ చుట్టుదారిలో వచ్చారు. కాలవ దగ్గర జీపు ఆగిపోయింది. వెనక్కి తిరిగి వాగు దగ్గరికి వచ్చి, పంచె పైకి కట్టి చాలాసేపు నీళ్లు చూస్తూ నిలబడ్డారు. ఫొటోలు తీసుకున్నారు. ఊళ్లోకి రాలేరు కాబట్టి రాలేదు. అవతలి గట్టున మేమంతా నిలబడ్డాం. చెయ్యి ఊపారు. కొలతలు, అంచనాలు, పై ఆఫీసులకు పంపడం, అన్నీ జరిగాయి. అనుమతి ఉత్తర్వు ఒక్కటే రావాలి. దానికోసం ఏడాదిపైన తిరిగాను. వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అంటుండగా ఆయన ఢిల్లీ వార్త వచ్చింది.

మా ఊళ్లో చాలామందికి అది అర్థం కాలేదు. మా పక్కింటి వెంకటప్పయ్య బాబాయి, సార్ వరండాలో ఎన్నోసార్లు కూర్చున్న రైతు, పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మనమెవరం ఓటేయలేదు, ప్రచారం లేదు, మైకు లేదు. ఎప్పుడు గెలిచాడే అమ్మాయ్ ఈయన?" ఎమ్మెల్యేలు ఓట్లేసి రాజ్యసభకు పంపుతారని చెప్పాను. "అయితే మంచిదేగా. పెద్ద పదవి. వంతెన ఇంకా తొందరగా వస్తది" అన్నాడు. బాబాయికి తెలియనిది నాకు తెలుసు. రెండు సభల్లో ఒకేసారి కూర్చోవడానికి లేదు. ఇక్కడ రాజీనామా చేయాలి. చేస్తే ఉపఎన్నిక వస్తుంది. ఉపఎన్నిక వస్తే కోడ్ వస్తుంది. కోడ్ ఉన్నన్నాళ్లూ కొత్త పనులకు అనుమతులుండవు. ఆ తరవాత వచ్చే కొత్తమనిషికి మొదటినుంచి చెప్పుకోవాలి. ఈలోగా వానలు ఆగవు. బాణసంచా చప్పుడు వాగు అవతలిదాకా వినపడుతుంటే నేను వంటింట్లో పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

మర్నాడు డయాలసిస్ అయ్యాక మా ఆయన్ను వెంటబెట్టుకునే సార్ ఇంటికి వెళ్లాను. ఆయన రానన్నాడు, నేను వినలేదు. ఇంటి ముందు కార్లు, పూలగుత్తులు. చంద్రం అడ్డం వచ్చాడు. "ఇవాళ శుభాకాంక్షలే టీచరమ్మా. ఫిర్యాదులు లేవు." వాణ్ని దాటుకుని వెళ్లాను. సత్యానందం గారి మెడలో శాలువలు పేరుకుపోయి ఉన్నాయి. నా చేతిలో శాలువ లేదు.

"మీరు వెళ్లకూడదు సార్" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు గతుక్కుమన్నారు. ఆయన శాలువలు తీసి పక్కన పెట్టి బెంచీ చూపించారు. "కూర్చో. ముందు నా మాట చెప్పు. ఇవాళ ఎదుటివాణ్ని నేనేగా."

"చెప్తాను. పార్టీ వెళ్లమంది, కాదంటే మర్యాద కాదంటారు. ఢిల్లీలో ఉంటే రాష్ట్రం మొత్తానికి పని చేయొచ్చంటారు. ఒక్క వాగు కోసం ఆగిపోతారా అంటారు." అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. "ఈ వరండా అంటే మీకు విసుగొచ్చింది. పొద్దున లేచేసరికి మాలాంటివాళ్ల ముఖాలు చూడలేక వెళ్తున్నారు. అదీ చెప్పమంటారా?"

ఆయన చేతిలో ఉన్న పూలగుత్తికి చుట్టిన కాగితం సరిచేశారు. "అది నేను పైకి అనేవాణ్ని కాదమ్మా" అన్నారు. "అయితే అబద్ధం కాదు."

అంత నిజం చెప్తారని నేను అనుకోలేదు. ఆయనే అన్నారు. "ఉత్తర్వు కోసం ఇవాళ కూడా ఫోన్ చేశాను. రాజీనామా చేసేలోపు రాకపోవచ్చు. కోర్టు దగ్గర నా పాత గది ఖాళీగా ఉంది. వానాకాలం మీ ఇద్దరూ అక్కడ ఉండండి. ఆసుపత్రికి వాగు దాటక్కర్లేదు."

"వద్దు సార్. మేం గదిలోకి వస్తే రేపు ఇంజనీరు ఏమంటాడు? అడిగినావిడే తిరువూరులో ఉంటోంది, వంతెన ఎవరికి అంటాడు. ఎదుటివాడికి ఆ మాట నేనే అందించనా?"

"మనిషి ముందా, వాదన ముందా?"

"మీరే నేర్పారు."

మా ఆయన అంతసేపూ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అప్పుడు కళ్లు తెరిచాడు. "నన్నెవరన్నా అడుగుతారా సార్? వాగు మా ఊరిది, వాదన ఈమెది. ఒళ్లు మాత్రం నాది. నాకు గది కావాలి."

సత్యానందం గారు తాళంచెవి తెప్పించి ఆయన చేతిలో పెట్టారు, నా చేతిలో కాదు.

ఆయన రాజీనామా చేశారు. ఉత్తర్వు రాలేదు. కోడ్ వచ్చింది. ఆ వానాకాలం ఆ గదిలో గడిపాం. అలమరాల్లో పాత లా పుస్తకాలు, మధ్యలో మా మంచం. వాన పడినప్పుడల్లా నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేదాన్ని. వాగు లేదు, మేం ఇవతలే ఉన్నాం అని నాకు నేను చెప్పుకోవలసి వచ్చేది. ఊరి నుంచి ఫోన్లు వచ్చేవి. ఫలానా పిల్ల నొప్పులు పడుతోంది, చప్టా మునిగింది అని. మేం తప్పించుకున్నాం, వాళ్లు అక్కడే ఉన్నారు. అందుకని ఊరివాళ్లందరికీ చెప్పి పెట్టాను, కొత్త ఎమ్మెల్యే ఎవరైనా సరే, ఊళ్లోకి వచ్చిన మొదటిరోజే వంతెన మాట ఎత్తాలని.

కొత్తాయన గెలిచిన కొన్నాళ్లకే వచ్చారు. చిన్న వయసు, చురుకైన మనిషి, చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. బడి ముందు షామియానా వేశాం. మా ఆయన్ను గదిలో పడుకోబెట్టి నేనూ వెళ్లాను. పెద్దవాడని వెంకటప్పయ్య బాబాయిని ముందు మాట్లాడమన్నాం. బాబాయి తువ్వాలు సర్దుకుని లేచి చక్కగా మొదలుపెట్టాడు.

"అయ్యా, మాది చిన్న ఊరు. చుట్టుదారి ఉంది. చప్టా మునిగేది ఏడాదికి కొన్నాళ్లే. దానికోసం వంతెన కట్టడమంటే దండగ ఖర్చే."

ఎదుటివాడి మాట అంత పొందిగ్గా చెప్పినందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది. బాబాయి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. కొత్తాయన లేచి ఆయన చేతులు పట్టుకున్నారు. "మీలాంటి పెద్దలు ప్రతి ఊళ్లో ఉండాలండీ. వంతెన వద్దన్న ఊరు ఇదొక్కటే చూశాను. ఆ డబ్బుతో వేరే పని చూద్దాం." ఫోన్ మళ్లీ మోగింది. మాట్లాడుతూనే కారెక్కారు. బాబాయి నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. "అమ్మాయ్, ఇంకా మన మాట చెప్పలేదే" అన్నాడు. నేను కారు వెనక పరిగెత్తాను. వెంట ఉన్నాయన అద్దం దించి, "పెద్దాయన చెప్పారు కదమ్మా, రాసుకున్నాం" అని అద్దం మళ్లీ ఎక్కించేశాడు.

వాగు గట్టు మీద కూర్చుని ఢిల్లీకి ఫోన్ చేశాను. జరిగింది విని సత్యానందం గారు పెద్దగా నవ్వారు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ నవ్వు కూడా నా లెక్కలో ఉంది. ఆయనే తిరిగి చేశారు. అప్పటికి గొంతు మారింది. "తప్పు మీది కాదమ్మా. నేను ఒక్క వరండాకి సరిపడా పద్ధతి నేర్పాను. సమావేశాలు ముగియగానే వస్తాను."

చెప్పినట్టే వచ్చారు. మనిషి చిక్కారు, దగ్గుతున్నారు. ఇద్దరం కొత్త ఎమ్మెల్యే గారింటికి వెళ్లాం. ముందుగా కబురు చేస్తే లోపలికే తీసుకెళ్లేవాళ్లు. ఆయన చేయలేదు. వరండా చివర అర్జీదారుల బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. ఎవరో గుర్తుపట్టి కంగారుగా లోపలికి పరిగెత్తబోతే, "ఉండవయ్యా, మా వరస రానీ" అన్నారు. వాన మొదలైంది. మర్నాడు డయాలసిస్. వానాకాలం అయిపోయిందని నెల కిందటే గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాం. అకాలంగా పట్టిన ఆ వానను చూస్తూ చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. మా వరస రాగానే కొత్తాయన సార్‌ను చూసి గబుక్కున లేచారు. సార్ నన్ను ముందుకు పంపారు.

"చుట్టుదారి ఉందని అంటారు కానండీ," అని మొదలుపెట్టాను.

"ఆగమ్మా" అన్నారు సత్యానందం గారు. "ఆ మాట చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నీది చెప్పు."

నాది అంటే ఏమిటో వెతుక్కోవలసి వచ్చింది. కాలవ లోతు, ఇంజనీరు మాట, ఊరి జనాభా, అన్నిటికీ సమాధానాలు నా దగ్గర ఉన్నాయి. అవేవీ రాలేదు.

"మా ఆయన చచ్చిపోతాడని నాకు భయంగా ఉందండి" అన్నాను. "రేపు వాగు దాటాలి."

కొత్తాయన చేతిలో ఫోన్ మోగింది. దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టారు. కూర్చోమన్నారు. సత్యానందం గారు ఒక్క మాట కూడా కలపలేదు. కొత్తాయనే అక్కడికి ఇంజనీరును పిలిపించి, ఆగిన కాగితాన్ని మళ్లీ కదిలించారు.

బయటికి వచ్చాక సార్ మీద విరుచుకుపడ్డాను. "ఇన్నేళ్లూ ఈ ముక్క నన్ను చెప్పనివ్వలేదు మీరు."

"చెప్పొద్దన్నానా? తరవాత చెప్పమన్నాను. ఎదుటివాడితో పోట్లాట అయ్యాక నువ్వెప్పుడూ ఆ తరవాతకి రాలేదు" అన్నారు, గొడుగు నా వైపు వంచుతూ. ఆయన భుజం తడిసింది.

వంతెన వచ్చింది. శిలాఫలకం మీద పేర్లు చాలా ఉన్నాయి, సత్యానందం గారిది లేదు. ఫోన్ చేసి దెబ్బలాడాను. "ఏ హోదాలో రాస్తారమ్మా? నేనప్పుడు అక్కడ ఎమ్మెల్యేని కాదుగా" అన్నారు. "బెంచీ మీద కూర్చున్న హోదాలో" అన్నాను. నవ్వబోయి దగ్గారు. అదే ఆఖరి మాట. సంస్మరణ సభలో చాలామంది మాట్లాడారు. ఆయన పేరు వంతెనకు పెట్టాలని చెప్పడానికి నేను చీటీ పంపాను. వేదిక మీదికి పిలవలేదు. ఇప్పుడు సోమవారం సోమవారం కలెక్టరు కార్యాలయానికి అర్జీతో వెళ్తున్నాను. పెట్టేదాకా వెళ్తాను.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే ఎదుటివాడి మాట చెప్పడం అనుకుంటారు. అది ఉంది. కానీ నేను ఇంకా మోస్తున్నది ఆ వానలో చెప్పిన ఒక్క ముక్క. వాగు దాటినంత మాత్రాన భయం తీరలేదు. అవతల సూదులున్నాయి, పడిపోయే బీపీ ఉంది, మిషను దగ్గర మా ఆయన పక్కమంచం ఖాళీ అయిన రోజులున్నాయి. ఒకరోజు ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ మా ఆయన చెయ్యి పట్టుకుని, ఎమ్మెల్యేకి చెప్పిన మాట ఆయనకూ చెప్పాను, నాకు భయంగా ఉందని. ఆయన మెట్టు మీద ఆగాడు. వెనక వచ్చేవాళ్లకు దారిచ్చి, "నాక్కూడా" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట నాకు చెప్పనందుకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.